మైక్రోసెకను ఆగగలిగినవాళ్లు

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లకి స్పెక్ట్రమ్ అనే మాట కొత్త కాదు. డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లని కదిపి చూడండి. ఇంజనులోంచి కాస్త లూబ్ ఆయిల్ తీసి ల్యాబుకి పంపేవారు. అక్కడ దాన్ని విద్యుత్ ఆర్కులో మండించి, వచ్చిన వెలుగులో రాగి ఎంత, సీసం ఎంత, ఇనుము ఎంత అని లెక్క కట్టేవారు. రాగి, సీసం పెరిగాయంటే బేరింగు అరుగుతోంది. సిలికాన్ పెరిగిందంటే ఎయిర్ ఫిల్టరు దాటి దుమ్ము లోపలికి పోతోంది. ఇంజను విప్పకుండానే రోగం తేలిపోయేది. నాకు ఈ స్పెక్ట్రమ్ పిచ్చి పట్టింది ఆ కబుర్లు వినే.

ఆ ఆర్కు స్థానంలో లేజర్ పెడితే వచ్చేదే ఇప్పుడు లిబ్స్ అని పిలుస్తున్న పద్ధతి. ఎన్‌డీ-యాగ్ లేజర్ నుంచి 1064 నానోమీటర్ల పరారుణ కాంతి, ఐదు నుంచి పది నానోసెకన్ల సేపు వస్తుంది. శక్తి కొన్ని పదుల మిల్లీజౌళ్లే, గ్లాసు నీళ్లు గోరువెచ్చన చెయ్యడానికి కూడా చాలదు. కానీ దాన్ని కటకంతో మిల్లీమీటరులో పదో వంతు చోటుకి కుదిస్తే చదరపు సెంటీమీటరుకి వంద కోట్ల వాట్లు దాటిపోతుంది. అక్కడున్నది ఉక్కయినా, రాయయినా, మందుబిళ్లయినా చెదిరి, పదివేల డిగ్రీలు దాటిన ప్లాస్మాగా లేస్తుంది. టప్పుమని ఒక చప్పుడు, నీలం కలిసిన తెల్లటి చుక్క. అది చల్లారుతున్నప్పుడు ఏ మూలకానికి ఆ మూలకం తన రేఖల్లో తాను వెలుగుతుంది.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. పనితనమంతా ఆగడంలో ఉంది. మొదటి కొన్ని వందల నానోసెకన్లలో ఎలక్ట్రాన్లు అయాన్ల మధ్య కొట్టుకులాడుతూ అన్ని రంగుల్నీ కలగాపులగంగా కుమ్మరిస్తాయి. అప్పుడు చూడబోతే బారాత్‌లో బ్యాండు పక్కన నిలబడి సన్నాయిలో రాగం వెతికినట్టే. అందుకని కెమెరా తలుపు మూసి ఉంచి, సుమారు ఒక మైక్రోసెకను గడిచాక తెరవాలి. తొందరపడితే రేఖలు తెల్లటి వెలుగులో మునిగిపోతాయి, ఆలస్యం చేస్తే ఆరిపోతాయి. ఉక్కుకి పనికొచ్చిన ఆలస్యం మట్టికి పనికిరాదు, గాలిలో కుదిరింది ఆర్గాన్‌లో కుదరదు. పుస్తకంలో అంకె చూసి పెట్టేవాడు ఎప్పటికీ నేర్చుకోలేడు. పనివాడైతే ఆలస్యాన్ని కాస్త కాస్త జరుపుతూ, ప్రతి స్పెక్ట్రమూ చూసి తేల్చుకుంటాడు.

నాకు మహా ఇష్టమైన పరీక్ష ఒకటుంది. అల్యూమినియానికి 394.40, 396.15 నానోమీటర్ల దగ్గర జంట రేఖలున్నాయి. రెండూ ఒకే పై స్థాయి నుంచి దిగేవే. కాబట్టి ప్లాస్మా ఎంత వేడిగా ఉన్నా, రెండోది మొదటిదానికి దాదాపు రెట్టింపు ఉండి తీరాలి. ఆ నిష్పత్తి రెండు కంటే బాగా తగ్గిందనుకోండి, ప్లాస్మా అంచున చల్లబడ్డ అల్యూమినియం లోపలి వెలుగుని తానే మింగేస్తోందన్నమాట. అప్పుడు రేఖ ఎత్తు చూసి ఇంత శాతం అల్యూమినియం అని చెప్పే మాట శుద్ధ తప్పు. మింగుడు మరీ ఎక్కువైతే రేఖ నడినెత్తిన పల్లం పడుతుంది. తెలియనివాడు దాన్ని రెండు రేఖలనుకుంటాడు! ఇక పక్కనే 396.85 దగ్గర కాల్షియం అయాన్ రేఖ పొంచి ఉంటుంది. మట్టిని కొట్టినప్పుడు ఈ రెంటినీ కలిపి ఒకటిగా లెక్కేసినవాళ్లని చూశాను. ఎవరో చెప్పను.

రేఖల్ని చదివే ఈ చూపు తెలుగువాళ్లకి ఎక్కడిది అంటే, చరిత్ర పొడుగ్గా చెప్పే ఓపిక నాకు లేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులోనే సూర్యుడి అంచున లేచిన జ్వాలల రేఖలు చూశాడు. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ పట్టుకున్నాడు. అదే రోజు మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ ఉన్నాడు. ఆ జ్వాలలూ ప్లాస్మాయే, హీలియం కథ మొదలైంది వాటిలోని పసుపు రేఖతోనే. 1920లో మేఘనాద్ సాహా, ఎంత వేడిలో ఏ అయాన్ ఎంత ఉంటుందో సమీకరణం ఇచ్చాడు, లిబ్స్ వాళ్లు ఇవాళ్టికీ దాని మీదే బతుకుతున్నారు. తర్వాత వాల్తేరు. కె. రంగధామరావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నిలబెట్టిన స్పెక్ట్రోస్కోపీ బడికి దేశంలో సాటి లేదని నా పక్షపాతం, దాచుకోను. రామన్ దగ్గర నుంచి అక్కడికి వెళ్లిన సూరి భగవంతం గారు తర్వాత మా పొరుగు ఉస్మానియాకి వైస్ ఛాన్సలరయ్యారు. ఫొటో ప్లేటు మీద ఇనుము ఆర్కు రేఖల్ని కొలబద్దగా పెట్టుకుని తెలియని రేఖని చదివిన కాలమది. లేజర్ 1960లో వస్తే, దాంతో పదార్థాన్ని లేపి వెలుగు చూడడం 1962కే మొదలైంది.

ఇక మన హైదరాబాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో డీఆర్‌డీఓ అండతో ఏర్పడిన ఆక్రెమ్ పరిశోధన కేంద్రంలో సూర్య పి. తివారీ, సోమా వేణుగోపాలరావు, పి. ప్రేమ్ కిరణ్ వంటివారు ఎత్తుకున్న పని చూడండి. ఆర్‌డీఎక్స్, హెచ్‌ఎమ్‌ఎక్స్, ఎన్‌టీఓ వంటి పేలుడు పదార్థాలని వెలుగుతో గుర్తుపట్టాలి. వాటిలో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్. నైట్రోజన్, ఆక్సిజన్ గాలిలోనూ ఉన్నాయి కదా, ఏది ఎక్కడిదని చెప్పడం? 388 నానోమీటర్ల దగ్గర మెరిసే సీఎన్ పట్టీ కూడా సగం గాలి పుణ్యమే కావచ్చు. అందుకే గాలిలో ఒకసారి, నైట్రోజన్‌లో ఒకసారి, ఆర్గాన్‌లో ఒకసారి కొట్టి పోల్చారు. నానోసెకను లేజర్‌తోనూ, ఫెమ్టోసెకను లేజర్‌తోనూ చేశారు. ఫెమ్టో పల్స్ ప్లాస్మా లేచేలోపే అయిపోతుంది కాబట్టి తెల్లటి వెలుగు బాగా తక్కువ. అయినా నేను నానోసెకను పార్టీయే. భుజాన వేసుకుని పొలానికో, గనికో తీసుకెళ్లగలిగింది అదే మరి.

చంద్రుడి మీదకి వెళ్లిందీ అలాంటిదే. బెంగళూరు లియోస్ ల్యాబు చేసిన లిబ్స్, ప్రజ్ఞాన్ రోవర్ మీదెక్కి 2023 ఆగస్టు 23న దక్షిణ ధ్రువం దగ్గర దిగి, వారం తిరక్కుండానే గంధకం ఉందని చెప్పింది. మన ఊరు కాదని చిన్న అసూయ ఉన్నా, ఆ పనికి దండం పెట్టాల్సిందే. గంధకం రేఖల్లో బలమైనవి 180 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, భూమ్మీద గాలి వాటిని మింగేస్తుంది. చంద్రుడి మీద గాలి లేదు, అంతవరకూ మేలే. కానీ గాలి ఒత్తిడి లేకపోతే ప్లాస్మా క్షణంలో చెదిరిపోతుంది, వెలుగు చిక్కిపోతుంది. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్ లిబ్స్ సాధారణంగా ఒక చుక్కలో 30 దెబ్బలు కొట్టి, మొదటి ఐదూ దుమ్ము లెక్కలో వదిలేస్తుంది. తుడుచుకుని చూడడమంటే అది.

మరి మన స్క్రాపు గోడౌన్లలో? పిస్తోలు లాంటి యంత్రం తుప్పు మీదే ఆనించి, ఒక్క దెబ్బ, తెర మీద గ్రేడు, బేరం ముగిసింది! యంత్రం చదివింది ఉక్కునా, పైనున్న రంగునా అని అడిగేవాడు లేడు. కంపెనీవాడు ఒక రకం ఉక్కుకి సరిచేసి పంపిన లెక్కని ఇత్తడికీ వాడేస్తున్నారు. దీన్నీ లిబ్స్ అంటుంటే ఒళ్లు మండుతుంది. పరిశోధన పేరుతో వచ్చేవాటిలో కొన్ని ఇంతకంటే ఘోరం. వేల స్పెక్ట్రమ్‌లు కంప్యూటర్‌లో పోసి, ఏ నమూనా ఏదో అది విడదీసిందని చప్పట్లు కొట్టుకోవడం. ఏ రేఖ చూసి విడదీసింది? ఒకరోజు గాలిలో తేమ ఎక్కువుంటే హైడ్రోజన్ రేఖ 656.3 దగ్గర లేచి, నమూనాకి బదులు వాతావరణాన్నే విడదీసి ఉండొచ్చు కదా! సాఫ్ట్‌వేర్ మీద నాకు పగ లేదు. మందుబిళ్లల్ని వేరుచెయ్యడానికి హైదరాబాద్ వర్సిటీ వాళ్లూ గణాంక పద్ధతులు వాడారు. ముందు రేఖలకి పేర్లు పెట్టుకుని ఆ తర్వాత వాడారు, అంతే తేడా.

రైళ్లకి కరెంటొచ్చి డీజిల్ ఇంజన్లు తగ్గాయి, ఆయిల్ చూసే చేతులూ తగ్గాయి. అది కాలం, సరే. కాలేజీ ల్యాబుల సంగతేమిటి? ఒక కాలేజీలో సోడియం దీపం వెలగడం మానేసి చాలా రోజులైంది, పిల్లలు మాత్రం 589.0, 589.6 అని రికార్డులో ఒక్క అంకె తప్పు కూడా లేకుండా రాసి సంతకం పెట్టించుకుంటున్నారు.

నా మనవి పెద్దదేం కాదు. డిగ్రీ ల్యాబుల్లో లేజర్లు అక్కర్లేదు, సోడియం దీపం మార్పించి, ఒక గ్రేటింగు, ఒక ఐరన్ ఆర్కు పిల్లల చేతికివ్వండి. ఇనుము రేఖలు ఒక్కొక్కటీ గుర్తుపట్టేదాకా కంప్యూటర్ తెరవనివ్వకండి. ఇక లిబ్స్ మీద పేపర్ రాసేవాళ్లు శుభ్రం చెయ్యని అసలు స్పెక్ట్రమ్, ఎంత ఆలస్యం తర్వాత తలుపు తెరిచారో, నమూనాలో అల్యూమినియం ఉంటే ఆ జంట రేఖల నిష్పత్తి ఎంతో పక్కనే అచ్చు వెయ్యండి. అవి లేని పేపర్ని తిప్పి పంపే ధైర్యం చూసేవాళ్లకి ఉండాలి.