రెండవ గ్రహమునకు ముహూర్తము

స్టీవ్ బార్సియా నాయకత్వమున సిమ్‌టెక్స్ వారు నిర్మింపగా 1993లో మైక్రోప్రోస్ వారు వెలువరించిన 'మాస్టర్ ఆఫ్ ఓరియన్' అను కంప్యూటర్ క్రీడను పరిచయము చేయుచు, అలన్ ఎమ్రిచ్ అను విమర్శకుడు అన్వేషణము, విస్తరణము, వినియోగము, విధ్వంసము అను నాలుగు కార్యములను ఒక్క పేరున కూర్చెను. నేడు 'ఫోర్ ఎక్స్' అని వ్యవహరింపబడునది అదియే. ఆటగాండ్రు ముచ్చటించుకొనునది సాధారణముగా నాలుగవ దానిని గూర్చి. జయాపజయములు మాత్రము రెండవ దానియందే, అదియు నౌకాయుద్ధములకు ఎంతో పూర్వమే, తేలిపోవునని నా నమ్మకము.

2300వ సంవత్సరమున ఆట ఆరంభమగునప్పటికి మన చేతనుండునవి 10 కోట్ల మందికి చోటున్న మాతృగ్రహము, అందు 4 కోట్ల జనము, 30 ఫ్యాక్టరీలు, రెండు వేగునౌకలు, ఒక వలసనౌక. ఈ తొలి నౌకను గూర్చి తర్కమక్కరలేదు. వేగులవారు వార్త తెచ్చినంతనే పంపవలసినదే. చిక్కంతయు రెండవ నౌకతో వచ్చును. దాని వెల అనేక వత్సరముల ఆదాయమును మ్రింగును గనుక, ఫ్యాక్టరీలను ఎండగట్టి దానిని నిర్మించువాడు గ్రహమును సంపాదించును గాని, దానిని పోషించు శక్తిని కోల్పోవును.

అట్లని మాతృగ్రహము నిండువరకు వేచియుండుటయు వివేకము కాదు. బెల్జియము దేశపు గణితవేత్త వెర్హుల్‌స్ట్ 1838లో ప్రతిపాదించిన రీతినే ఈ ఆటలోని జనాభా కూడ సగము నిండినప్పుడు మిక్కిలి వడిగా పెరిగి, నిండుకొలది మందగించి, నిండిన పిదప నిలిచిపోవును. నారు ముదిరిన తరువాత నాటిన చేను పిలకలు వేయనట్లే, నిండిన గ్రహమునుండి ఆలస్యముగా బయలుదేరిన వలస కూడ ఫలింపదు. 20 లక్షల మందితో మొదలగు క్రొత్త స్థావరము తనంతట తాను పెరుగుటకు తరములు పట్టును. మాతృగ్రహమునుండి జనమును తరలించుటకో, ఖజానానుండి కాసైనను పోదు. పది లక్షల మంది రెండు ఫ్యాక్టరీలను నడపగలరు గనుక, ఆ 30 ఫ్యాక్టరీలకు ఒకటిన్నర కోటి జనము చాలును. కావున ఫ్యాక్టరీలను ముందు పెంచుచు, జనము సగము దాటినది మొదలు ఆ మిగులును ఏటేట క్రొత్త గడ్డకు పంపుచుండుట నా పద్ధతి. శీఘ్రసంతానులగు సాక్రా జాతివారితో ఆడునప్పుడు ఇంకను తొందరపడుదును. ఎట్టి విషగ్రహముమీదనైనను బ్రతుకగలిగియు మందగతిని వృద్ధిచెందు సిలికాయిడ్లతోనైతే లెక్క వేరు.

ఈ గణితమునంతను త్రోసిపుచ్చునది పటము. ఆరంభమున మూడు పార్సెక్కులకు మించి పోలేని వలసనౌకలకు, సరిహద్దున నున్న ఒక్క నక్షత్రము మెట్టగుటయు, పొరుగువాని చేజిక్కినచో గోడయగుటయు కలదు. అట్టి చోట లెక్క ఆగుమనినను నేను ఆగను; ఆదాయము తగ్గినను, ఫ్యాక్టరీలు కొన్నాళ్లు కుంటినను నౌకను పంపుదును. పొరుగున సైలాన్లవంటి విద్యాప్రియులున్నప్పుడు మరియును, ఏలన వారికి చోటిచ్చినచో పిదప విద్యలో వారిని అందుకొనుట దుర్లభము.

ఇక ఆట ముదిరిన పిమ్మట లభించు బీదగ్రహములు పెట్టుబడిని తిరిగి యీయవని పలువురు వానిని విడిచిపెట్టుదురు. మహాసభలో చక్రవర్తిని ఎన్నుకొను ఓట్లు జనసంఖ్యను బట్టి వచ్చును, మూడింట రెండు వంతులు పొందినవాడే గెలుచును; ఆ బీదగ్రహపు జనమునకును అచ్చట లెక్కయున్నది గనుక, నేను వానిని విడువను.