పుక్కిలించే గొంతులు

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మా విశాఖ మీద పడ్డ రోజు. మధ్యాహ్నానికల్లా చేతిలో సెల్‌ఫోను టార్చిలైటుగా తప్ప ఎందుకూ కొరగాకుండా పోయింది. కొన్ని టవర్లు కూలాయి, కూలనివాటికి కరెంటు లేదు. మా చెల్లెలి ఇల్లు మాకు నాలుగు కిలోమీటర్లు. మర్నాడు తెల్లారగానే పడిపోయిన చెట్ల కింద దూరుకుంటూ, తెగిన వైర్లు తప్పుకుంటూ నడిచి వెళ్లాను. తలుపుకి తాళం. గంటసేపు ఆ గుమ్మంలో కూర్చుని, అనుకోకూడనివన్నీ అనుకుని, తిరిగొచ్చేసరికి అది మా గుమ్మంలో కూర్చుని ఉంది. అదీ నాలాగే వెతుక్కుంటూ వచ్చింది, వేరే దారిన. "బాగున్నా" అన్న ఒక్క మాట చేరటానికి ఆ రోజు నాకు ఎనిమిది కిలోమీటర్లు పట్టింది.

హామ్ రేడియోలోకి ఎలా వచ్చారని ఎవరడిగినా ఈ కథే చెబుతాను. వినటానికి బాగుంటుంది, అబద్ధమూ కాదు. కానీ అసలు పురుగు అంతకు ముప్పై ఏళ్ల ముందే తొలిచింది. నాన్నగారి ఫిలిప్స్ రేడియోలో సిలోన్ తెలుగు పాటల కోసం, అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం, 41 మీటర్ల బ్యాండు మీద ముల్లు మెల్లగా జరుపుతుంటే, మధ్యలో ఎవరో నీళ్లు పుక్కిలిస్తూ మాట్లాడుతున్నట్టు వినపడేది. మనిషి గొంతే. మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. "దొంగ స్టేషన్లురా, ముందుకు తిప్పు" అనేవారు నాన్న.

దొంగలు కారు, లైసెన్సున్న దొరలే అని చాలా తర్వాత తెలిసింది. సిలోన్‌కి ఆనుకునే, 7 మెగాహెర్ట్జ్ దగ్గర, సరదాకి రేడియోలో మాట్లాడుకునే హామ్‌ల కోసం ప్రపంచమంతా వదిలిపెట్టిన జాగా ఒకటుంది. మన దేశంలో అది 7.0 నుంచి 7.2 వరకు. ఆ పుక్కిలింతకి కారణం సింగిల్ సైడ్‌బ్యాండ్. మామూలు షార్ట్‌వేవ్ ప్రసారం గొంతుతో పాటు దాన్ని మోసుకొచ్చే తరంగాన్నీ పంపుతుంది. గొంతుకి కూడా అటొకటి, ఇటొకటి రెండు నకళ్లు. హామ్‌లు పొదుపరులు. మోసే తరంగాన్నీ, ఒక నకలునీ తీసేసి, ఉన్న బలమంతా మిగిలిన ఒక్క నకలు మీదే పెడతారు. తీసేసిన తరంగాన్ని వినేవాడి సెట్టే మళ్లీ పుట్టించి కలుపుకోవాలి. పాత ఫిలిప్స్‌కి ఆ విద్య రాదు. ఆ విద్య వచ్చిన సెకండ్‌హ్యాండ్ రిసీవరు ఒకటి సంపాదించి, నాబు వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే, బాతు అరుపులా ఉన్నది కాస్తా మనిషై "ఇక్కడ పొద్దున్నుంచీ ముసురండీ" అంది, తెలుగులో. నాన్న ఉంటే పిలిచి వినిపించేవాణ్ని.

మాట్లాడాలంటే మాత్రం లైసెన్సు కావాలి. కేంద్ర ప్రభుత్వం పరీక్ష పెడుతుంది, 12 ఏళ్లు నిండిన ఎవరైనా రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులు. చవగ్గా వాకీటాకీ దొరికింది కదా అని ముందే బటన్ నొక్కేస్తే అది నేరం. పరీక్షలో సగం ఓం సూత్రం, ట్రాన్సిస్టరు, యాంటెన్నా, సగం నియమాలు. ఆ నియమాల్లో ఏం మాట్లాడాలో పెద్దగా ఉండదు, ఏం మాట్లాడకూడదో ఉంటుంది. వ్యాపారం కూడదు, పాటలు వెయ్యకూడదు, రాజకీయాలు కూడదు, రహస్య భాష కూడదు. ఇవన్నీ తీసేస్తే తెలుగువాడికి మాట్లాడటానికి ఇంకేం మిగులుతుందని నాకు నిజంగానే సందేహం వచ్చింది. ఈలోగా మా అమ్మకి ఎవరో సగం విని సగం చెప్పారు. "ఇంట్లో హోమం పెట్టుకుంటున్నావటగా, నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అని ఫోను చేసింది.

జనరల్ గ్రేడుకి మోర్స్ కూడా రావాలి, నిమిషానికి ఎనిమిది మాటలు. మా వీధి చివర ఒక మాస్టారున్నారు. బడి పంతులు కాదు, తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైనాయన. వీధిలో అందరికీ మాస్టారే. చుక్కలూ గీతలూ ఉన్న చార్టు ప్రింటు తీసుకుని వెళితే చూసి, మడిచి, కాఫీ గ్లాసు కింద పెట్టుకున్నారు. "లెక్కపెట్టేవా, చచ్చేవన్నమాటే. పిల్లాడు అమ్మా అన్నప్పుడు కింద ఒత్తుందా లేదా అని చూసుకుంటాడేటి బాబూ?" అక్షరాన్ని చెవితో, దరువులా పట్టుకోవాలట. ఎవరైనా ఉన్నారా అని కేకేసే సీక్యూ అంటే డా డి డా డి, డా డా డి డా. అంతే, అది ఒక తాళం. దాన్ని విడగొడితే చెడుతుంది.

చిత్రమేమిటంటే, నా సెట్టులోంచి వచ్చే ఈ కూత ఆయనకి కొత్త. ఆయన కాలంలో తంతి యంత్రం కుయ్యదు, టక్కుమంటుంది. ఒక టక్కుకీ తర్వాతి టక్కుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో దాన్నిబట్టి చుక్కా గీతా తెలుసుకునేవారు. అంటే ఆయన మూడు దశాబ్దాలు విన్నది శబ్దాల మధ్య సందుల్ని. "నీ పిట్టకూత నాకు రాదు" అంటూనే వారంలో నన్ను దాటిపోయారు. 2013 జులైలో తంతి సేవ మూసేసిన రోజు వెళ్లి తన పేరుకే ఒకటి ఇచ్చుకున్నారట. అప్పటికి అందులో మోర్సూ లేదు, టక్కూ లేదు, అంతా కంప్యూటరే. "అయినా రశీదు దాచుకున్నా" అన్నారు. ఆ మోర్స్ పరీక్ష నేనింకా గట్టెక్కలేదు. ముందు రిస్ట్రిక్టెడ్ రాసేశాను.

యాంటెన్నా సంగతి చెప్పకపోతే హామ్‌లు నన్ను వెలివేస్తారు. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తీగ పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి ఇరవై మీటర్ల పైచిలుకు. మధ్యకి రెండు ముక్కలు చేసి, అక్కడినుంచి కేబులు కిందికి దింపాలి. మామూలు హౌస్‌వైరింగ్ తీగ, పీవీసీ పైపు, నైలాను తాడు చాలు. టైలరు కుట్టు లోపల వదిలినట్టు అటూ ఇటూ కాస్త ఎక్కువ ఉంచి, మీటరు చూసుకుంటూ కొంచెం కొంచెం కత్తిరించాలి. నేను మహా ధీమాగా ఒకేసారి కత్తిరించి, మళ్లీ అతుకులు వేశాను. మా మేడ పొడవు పన్నెండు మీటర్లే కాబట్టి రెండు కొసలూ పిట్టగోడ దాటి కిందికి వాలాయి. నాలుగో రోజు సెట్టు ఎంత సరిచేసినా మీటరు దారికి రాలేదు. పైకెళ్లి చూస్తే పక్కింటి పిన్నిగారి తడి చీరలు రెండు. "ఊరికే ఉంది కదా అని ఆరేశాను నాయనా." ప్రసారం చేసేటప్పుడు ఆ తీగ కొసలు తాకితే చర్మం కాలుతుందని వివరించాను. "అలాంటిదాన్ని మేడ మీద కట్టావా!" అని ఆవిడ అప్పట్నుంచి మాటలు తగ్గించారు.

ఫోనుండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లకి పోర్టు బ్లెయిర్ సంగతి చెబుతాను. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ అనే హామ్, ఆవిడ బృందం అక్కడ మకాం వేసింది, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున. వెళ్లింది సేవకి కాదు, సరదాకే. అండమాన్ నుంచి ఏళ్ల తరబడి ఏ హామ్ గొంతూ వినపడలేదు, అక్కడి జవాబు కోసం ప్రపంచమంతా మొహం వాచి ఉంది. 26వ తేదీ పొద్దున భూమి కదిలింది, సునామీ వచ్చింది. అప్పటిదాకా ఆటకి వాడిన సెట్టులోంచే ఎవరు క్షేమమో, ఎవరి జాడ తెలియాలో కబుర్లు అందించారు. ఆట అలవాటుండబట్టే అవసరానికి చెయ్యి వణకలేదని నా నమ్మకం. మన శ్రీహరికోట నుంచి 2005 మేలో హామ్‌ల కోసమే హామ్‌శాట్ అనే 42.5 కిలోల చిన్న ఉపగ్రహం కూడా వెళ్లింది. నాకు బుద్ధి పుట్టేసరికి, 2014 జులైలోనే, దాని పని ముగిసిపోయింది. ఇలాంటి విషయాల్లో నాది ఎప్పుడూ ఆఖరి బస్సే.

చివరికి నా పేరిట కాల్‌సైన్ వచ్చింది. మొదట్లో వీయూ, తర్వాత మూడు అంకె, ఆ వెనక మూడక్షరాలు. మన దగ్గర కొత్తవాడు పరిచయమైతే ఊరి తర్వాత అడిగేది ఇంటిపేరు. ఎందుకు అడుగుతారో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఇక్కడ ఊరి తర్వాత అడిగేది యాంటెన్నా. ఆ ఒక్క కారణానికైనా ఈ విద్య నాకు నచ్చింది.

పొద్దున్న ఆరు. యాభై వాట్ల సెట్టు, చేతిలో మైకు. వారం వారం వెయ్యి మాటలు ఈ పేజీలో రాసేవాణ్ని, బటన్ నొక్కి నోరు తెరిస్తే పది మాటలు పెగల్లేదు. మూడు రోజులు నొక్కి వదిలేశాను. నాలుగో రోజు కళ్లు మూసుకుని సీక్యూ అన్నాను. మూడోసారికి జవాబొచ్చింది. జపానా, రష్యానా అనుకుంటే అనకాపల్లి. బస్సెక్కితే గంటన్నర. ఆ కాస్త దూరానికి నా గొంతు దాదాపు మూడు వందల కిలోమీటర్లు నిట్టనిలువునా పైకెళ్లి, అయనోవరణానికి తగిలి దిగొచ్చింది.

ఆయన తీరిగ్గా నా కాల్‌సైన్ రెండుసార్లు పలికి, "ఫైవ్ నైన్ వస్తున్నారండీ, మాది అనకాపల్లి, ఓవర్" అన్నారు. ఇప్పుడు నేను చెప్పాల్సిందీ అంతే. ఆయన సిగ్నల్ ఎంత, నా ఊరేది. కాగితం మీద రాసుకునే కూర్చున్నాను. బటన్ నొక్కాను.

"బాగున్నానండీ" అన్నాను.

ఆయన అడగలేదు. కాసేపు గరగర.

"సంతోషమండీ. నా సిగ్నల్ ఎంతొస్తోందో చెప్పండి, ఓవర్."