గంటన్నర దూరంలో రెండు ఊళ్లు

మా గూడూరు నుంచి పిల్లల చదువుల కోసం కిరాయి ఇల్లు వెతుక్కునేవాళ్లు నర్సంపేటకో మానుకోటకో హన్మకొండకో పోతారు. పట్నంలో కొలువు దొరికి పట్నం కిరాయిలు మోయలేనివాళ్లు జనగామ వైపు కూడా చూస్తారు. అక్కడి నుంచి సికింద్రాబాద్‌ రైలుదారిలో సుమారు 85 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ అందితే దాదాపు గంటన్నర. పక్కనే పెంబర్తి, కాకతీయుల నాటి నుంచి ఇత్తడి రేకు పనికి పేరుమోసిన ఊరు. ఈ జనగామ పక్కన నేను పెట్టి చూస్తున్నది న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డునున్న బీకన్. అదీ న్యూయార్క్ మహానగరానికి సుమారు 95 కిలోమీటర్లు, అదీ గంటన్నర రైలు ప్రయాణమే. అక్కడా చూడవలసింది లోహపు పనే.

పెంబర్తిలో పనివారి ఇల్లే కార్ఖానా. లక్క మీద బిగించిన రేకును ఉలితో, సుత్తితో వెనక నుంచి కొడుతూ పోతే ముందు వైపు లత, హంస, దేవుడి మొహం ఒక్కొక్కటే లేస్తాయి. గుడి తలుపులకూ రథాలకూ తొడిగిన ఆ పనితనమే నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లయింది. ఇవాళ సన్మాన సభల్లో జ్ఞాపికలవుతోంది. బీకన్‌లోనైతే కళ బయటి నుంచి వచ్చి ఖాళీ ఫ్యాక్టరీలో కాపురం పెట్టింది. నబిస్కో బిస్కెట్ల కంపెనీ తన డబ్బాలను అచ్చువేసుకోవడానికి 1929లో కట్టిన భవనాన్ని డయా అనే కళా సంస్థ మ్యూజియంగా మార్చి 2003లో తెరిచింది. అందులో శిల్పి రిచర్డ్ సెర్రా వంచి నిలబెట్టిన ఉక్కు పలకల మధ్య నుంచి మనిషి నడిచిపోవచ్చు. పెంబర్తి రేకును మనం చేతిలోకి తీసుకుంటాం, సెర్రా ఉక్కు మనల్ని తన లోపలికి తీసుకుంటుంది. అయినా మొండి లోహాన్ని మెత్తగా కనిపించేలా చేయడమే ఇద్దరి విద్యా.

ఇల్లు అడగబోతే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. జనగామలో టు-లెట్ బోర్డు చూసి గేటు తడితే ఓనరమ్మ అడుగుతుంది: "ఏ ఊరు మీది? ఎంతమందుంటరు? ఏం పని చేస్తరు?" మనం అడుగుతాం: "నల్లా రోజూ వస్తదా అమ్మా? బోరున్నదా?" బీకన్‌లో ఇదే విచారణ కాగితాల మీద నడుస్తుంది: జీతం చీటీలు, క్రెడిట్ స్కోరు. నీళ్ల బదులు, చలికాలం ఇల్లు వెచ్చబెట్టే ఖర్చు ఎవరిదన్నది అడగాలి. మన దగ్గర అడ్వాన్స్ ఎంతన్నది ఓనరు మాట. అక్కడ 2019 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం డిపాజిట్ ఒక నెల అద్దెను మించకూడదు, దరఖాస్తు రుసుము 20 డాలర్లు దాటకూడదు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిన 1908 చట్టం వల్ల మన ఒప్పందాలు 11 నెలలకే ఆగుతాయి. అక్కడ ఏడాది లీజు మామూలు.

మన విచారణలో ఒక మచ్చ ఉంది. "మీరేమిట్లు?" అని కులం అడిగే ప్రశ్నకు జవాబు విన్నాక మూసుకున్న గేట్లు ఎన్నో. అలాగే కాగితానికీ కనికరం లేదు. కొత్తగా అమెరికాలో దిగిన మన పిల్లలు, క్రెడిట్ చరిత్ర లేక, చేతిలో ఉద్యోగం పెట్టుకుని కూడా ఇల్లు దొరక్క తిరగడం చాలా ఇళ్లకు తెలిసిందే. మన గేటు దగ్గర ఒక్క మంచి మాట మనసు మార్చగలదు, కాగితం దగ్గర మాటకు చోటు లేదు.

బీకన్‌లో అద్దెల కథ నది దగ్గర మొదలైంది. ఫ్యాక్టరీలు మురికి చేసిన హడ్సన్‌ను బాగుచేయాలని బీకన్ దగ్గర కాపురమున్న గాయకుడు పీట్ సీగర్ పూనుకోగా, ఆ పని కోసం కట్టిన క్లియర్‌వాటర్ పడవ 1969లో నీళ్లలోకి దిగింది. నది తేటపడింది, మ్యూజియం వచ్చింది, నగరం నుంచి జనం వచ్చారు. వాళ్ల వెనకే అద్దెలు పెరిగి, ఊరికి పేరు తెచ్చినవాళ్లకే ఊరు ఖరీదైపోయింది. జనగామకు నది లేదు, చెరువులే. ఇక్కడ 2016లో జిల్లా ఏర్పడ్డాక ఆఫీసులను చూసి కిరాయిలు కదిలాయి గానీ పెంబర్తిని చూసి కాదు. అక్కడ కళ కిరాయిని పెంచింది, ఇక్కడ కిరాయి కళను గుర్తే పట్టలేదు. రెండు దారులూ ఒక్క చోటికే చేరాయి. సుత్తి పట్టినవాడికీ కుంచె పట్టినవాడికీ ఇల్లు దొరకడం కష్టమే.

కళల ఊరికి నా కొలత ఒక్కటే: కళాకారుడు అక్కడ కిరాయికి ఉండగలగాలి. బీకన్‌కు మన ఓనరమ్మ చెవి కావాలి. మనకు వాళ్ల చట్టం కావాలి. చట్టం వచ్చేదాకా జనగామ ఇంటివారికి నా మనవి: రేకు పనివాడు గేటు తడితే చప్పుడని వెనక్కి పంపకండి. ఆ చప్పుడు వల్లే మన వైపు పేరు దేశమంతా తెలిసింది.