కోతకు ముందు

విజయవాడ ఆటోనగర్‌లో పాత కారు తుక్కవడం చూడాలంటే గ్యాస్ కట్టర్ వెలిగే వేళకు కాదు, అంతకు ముందే వెళ్లాలి. అసలు పనితనం అక్కడుంది.

నేను చూసిన మేస్త్రి ముందు బ్యాటరీ విప్పాడు. లోపల సీసం, ఆమ్లం. ఒరగనివ్వకుండా పసిపిల్లను ఎత్తినట్టు తీసి నీడన పెట్టాడు. తర్వాత బండి కింద దూరి, ఆయిల్ చాంబర్ బోల్టుకు పానా తగిలించి కేకేశాడు: "ఒరేయ్, పళ్లెం ఏదిరా?" పళ్లెం వచ్చేదాకా బోల్టు కదల్లేదు. నల్లటి నూనె ధారగా పడి, సన్నబడి, చుక్కలైంది. ఆ చుక్కలు కూడా ఆగేదాకా కూర్చున్నాడు. నాకైతే విసుగొచ్చింది. ఇంజిన్ ఆయిల్ ఒక డబ్బాలో, బ్రేక్ ఆయిల్ ఇంకోదాంట్లో, కూలెంట్ మరోదాంట్లో. కలగలిపితే నూనెను మళ్లీ శుద్ధి చేయడం కష్టం. ఒలికిన కాస్త మీదా రంపపుపొట్టు చల్లించి ఊడిపించాడు. ఆ పొట్టూ సంచిలోకే, మురుగుకాలవలోకి కాదు.

వాహనాల తుక్కు కేంద్రాలకు 2021లో, బ్యాటరీ వ్యర్థాలకు 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కానీ బోల్టు కింద పళ్లెం పెట్టాల్సింది చెయ్యే కదా! ఒక్క ఏసీ గ్యాస్ దగ్గర మాత్రం అతను తలొంచుకున్నాడు. బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కించే సరుకది. దాన్ని సిలిండర్‌లోకి లాగే యంత్రం ఆ షెడ్డులో లేదు. కొనాల్సింది యజమాని, మేస్త్రి కాదు.

సాయంత్రం కట్టర్ వెలిగేసరికి కారు ఎండు గుల్లలా ఉంది. కింద సిమెంటు నేల మీద మరక లేదు.