రెండు రైళ్ళు, ఒకటే దారి

కెన్నీవుడ్ పార్కులోని ‘రేసర్’ అనే రోలర్ కోస్టర్ స్టేషన్లో రెండు రైళ్ళు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఎడమవైపు నుంచి బయల్దేరిన రైలు పందెం ముగిసేసరికి కుడివైపు ప్లాట్‌ఫాం మీదికి వస్తుంది, కుడివైపుది ఎడమకు. పైకి రెండు జోడు దారుల్లా కనిపిస్తున్నది నిజానికి మొదలూ చివరా లేకుండా తనలోనే కలిసిపోయిన ఒకే దారి. ఒక్కో పందెంలో ఒక్కో రైలు అందులో సగమే తిరుగుతుంది.

పిట్స్‌బర్గ్ శివార్లలో, మొనాంగహేలా నది పక్కనున్న ఈ పార్కు 1898 నాటిది. పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళే తెలుగువాళ్ళకు అట్టే దూరం కాదు. చెక్కతో కట్టిన ఈ రోలర్ కోస్టర్‌ను 1927లో ప్రారంభించారు. రూపకర్త జాన్ మిల్లర్. అంతకుముందే అదే పార్కులో జాక్ రాబిట్, పిప్పిన్ అనే కోస్టర్లను రూపొందించినవాడు.

జనం రాకముందు పట్టాల కిందకు వెళ్ళి చూసే అవకాశం దొరికింది నాకు. పట్టా అంటే ఇనుప కమ్మీ అనుకుంటాం. ఇక్కడ పట్టా కూడా చెక్కే. పలకల్ని పడుకోబెట్టి, ఒకదాని మీదొకటి పొరలు పొరలుగా పేర్చి బిగిస్తారు. ఇటుకల కట్టుబడిలో లాగే, కింది పొర అతుకు మీద పై పొర అతుకు పడనివ్వరు. అన్నిటికన్నా పైన సన్నటి ఇనుప పట్టీ. చక్రం దొర్లేది దాని మీద. బరువు మోసేది కింది చెక్క. మలుపు దగ్గర ఒక్కో పలకనూ విడివిడిగా వంచి, బిగించి, ఆ తర్వాతే పై పలక పరుస్తారు. పనివాడి చెయ్యి తెలిసేది అక్కడే.

చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, రైలు వెళ్ళిన ప్రతిసారీ కాస్త ఊగుతుంది. ఆ ఊగడమే దాని బలం. కానీ బోల్టులు వదులవుతాయి. అందుకే ఇలాంటి కోస్టర్లకు వడ్రంగులు రోజూ పొద్దున్నే పట్టా వెంట నడుస్తారు. వదులైనవి బిగిస్తారు, పుచ్చిన పలక తీసి కొత్తది వేస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ కలప మారిపోతుంది, మిల్లర్ గీసిన దారి మాత్రం నిలుస్తుంది.

రైలు గొలుసు పట్టుకుని పైకెక్కుతుంటే టకటకమనే చప్పుడు వింటాం. అది రైలు వెనక్కి జారకుండా ఒక్కో పన్నులో పడుతున్న కొక్కెం చప్పుడు. అలాంటి కొక్కేనికి 1910లోనే పేటెంట్ పొందిన మనిషి మిల్లర్. సుమారు 72 అడుగుల ఎత్తు నుంచి దిగాక ఇక ఏ మోటారూ తొయ్యదు. ఎక్కినవాళ్ళ బరువు, చక్రాల గ్రీజు, పట్టా నునుపు, ఇవే గెలుపోటములు తేలుస్తాయి. ఈసారి ఒక పక్క పరుగెత్తిన రైలు మరుసటిసారి రెండో పక్క పరుగెత్తాల్సిందే. ఏ రైలుకూ శాశ్వతంగా అనుకూలమైన పక్క అంటూ ఉండదు. పందెంలో న్యాయాన్ని నిర్మాణంలోనే కలిపేసిన ఈ ఆలోచన ముందు నేను తలవంచుతాను.

ఎప్పుడైనా అటు వెళ్తే రెండుసార్లు ఎక్కండి, ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి. ఒక్కసారితో దిగిపోతే మిల్లర్ పనితనంలో సగమే చూసినట్టు.