వెళ్లిన చీకటి, వచ్చిన నీలం

అతినీలలోహిత కిరణం పడుతుంది, పోతుంది. అది పడిన పల్చని పొర మీద మరక ఉండదు, మెరుపూ ఉండదు. తర్వాత ఎప్పుడో దాన్ని చీకట్లో మెల్లగా వేడి చేస్తే, సుమారు 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీలివెలుగు పొంగుతుంది. కార్బన్ కలిపిన అల్యూమినియం ఆక్సైడ్ చేసే ఈ పనిని, ఎంత కిరణం పడిందో చెప్పే వట్టి కొలత అనడానికి నాకు మనసొప్పదు. అలంకారశాస్త్రం మాటల్లో, ఇది రసోత్పత్తి.

ఇలాంటి వెలుగు కోసమే 1663లో రాబర్ట్ బాయిల్ ఒక వజ్రాన్ని పడకలోకి తీసుకెళ్లి, ఒంటి వేడికి ఆనించి, చీకట్లో అది మినుకుమనడం చూశాడు. వేడే వెలుగును పుట్టించిందనిపిస్తుంది. కాదు, వేడి ఉద్దీపన విభావం, అంటే ఉన్న భావాన్ని రేపేది మాత్రమే. వెలుగుకు మూలమైనది అంతకుముందే లోపల స్థాయీభావంలా కుదురుకుని ఉంది.

ఎక్కడ? నన్ను కట్టిపడేసేది ఇక్కడే. ఏ లోపమూ లేని స్ఫటికానికి జ్ఞాపకం ఉండదు. ఆక్సిజన్ కరువులో పెంచిన ఈ అల్యూమినియం ఆక్సైడ్‌లో కొన్ని ఆక్సిజన్ స్థానాలు ఖాళీగా మిగులుతాయి. ఆ ఖాళీల్లో రెండేసి ఎలక్ట్రాన్లు కాపురముంటాయి. 205 నానోమీటర్ల కిరణం తగిలితే ఒకటి ఇల్లు విడుస్తుంది. దారిలో మరో లోపం దాన్ని పట్టి ఉంచుతుంది. తిరిగి రావడానికి చాలినంత బలం వేడి ఇస్తుంది. ఇల్లు చేరిన ఎలక్ట్రాన్ సగటున 35 మిల్లీసెకన్లు నిలిచి, 420 నానోమీటర్ల నీలంగా వెలుగుతుంది. పంపిన కిరణం అదృశ్యం, తిరిగొచ్చినది దృశ్యం! ఆలంకారికులు విప్రలంభానికి, అంటే ఎడబాటు శృంగారానికి, అంత పెద్దపీట ఎందుకు వేశారో ఈ పొర ముందు కూర్చుంటే తెలుస్తుంది.

పల్చని పొరే ఎందుకంటే, అతినీలలోహితం చాలా పదార్థాల్లో ఉపరితలం దగ్గరే ఇంకిపోతుంది. మందపాటి ముక్కలో అడుగుభాగానికి ఆ సంగతే తెలియదు. పొర ఒళ్లంతా దాదాపు ఒకేసారి వేడెక్కుతుంది కూడా.

వేడి పెరిగేకొద్దీ వెలుగు ఎలా మారిందో గీస్తే శిఖరంలాంటి రేఖ వస్తుంది. 1945లో రాండాల్, విల్కిన్స్ దాని అర్థం విప్పారు: ఎంత లోతున చిక్కిన ఎలక్ట్రాన్ అంత ఎక్కువ వేడికి లేస్తుంది. (డీఎన్ఏ పరిశోధనకు 1962లో నోబెల్ పంచుకున్న విల్కిన్స్ ఈయనే.) పడిన కిరణం మోతాదు మాత్రమే కావలసినవాళ్లు రేఖ కింది వైశాల్యం లెక్కగట్టి రేఖను పక్కన పెడతారు. నాకది అన్యాయంగా తోస్తుంది. నింపాదిగా సాగే ఆరోహణ, శిఖరం దాటగానే చప్పున జారే అవరోహణ, అంతా ఒక్కసారికే. చదవడంతోనే ఆ ఎలక్ట్రాన్లన్నీ విడుదలైపోతాయి. అదే పొరను వెంటనే మళ్లీ వేడి చేస్తే ఆ శిఖరం రాదు. అంకె రాసుకున్నాక కూడా రేఖ గీసిన ఆ కాగితం దాచుకోవాలి.