‘సబ్టిల్టీ’ – ఒక పాతమాట, రెండు ముఖములు

ఆంగ్లమున ‘సటిల్టీ’ అను మాటకు ‘సబ్టిల్టీ’ అను పాతరూప మొకటి కలదు. అది ప్రాచీనరూపమని మాత్రమే తలచి, రెంటికిని ‘సూక్ష్మత’ అని వ్రాసి సాగిపోవుట అనువాదకునకు సులభము. రూపమే గాని అర్థము మారలేదనుకొనుట దీనికి కారణము. నా కది సరిగా తోచదు.

దీనికి మూలమైన లాటిన్ విశేషణము మగ్గమునుండి వచ్చినదనియు, నేతలోని సన్నదనము దాని తొలి అర్థమనియు పండితుల అభిప్రాయము. మిక్కిలి సన్నని పోగు కంటికి ఆనదు. కంటికి ఆననిది నేర్పు కావచ్చును, మోసమును కావచ్చును. మధ్యయుగమున డన్స్ స్కోటస్ అను తత్త్వవేత్తను ఈ విశేషణముతోనే ‘సూక్ష్మాచార్యుడు’ అని గౌరవించిరి. 1610లో బెన్ జాన్సన్ ‘ది ఆల్కెమిస్ట్’ నాటకమున జనులను వంచించు దొంగ రసవాదికి పెట్టిన పేరును అదియే.

మరుసటి ఏట, 1611లో, జేమ్స్ రాజు పేర వెలువడిన బైబిలు అనువాదమున ఈ రెండు ముఖములును కానవచ్చును. సామెతల గ్రంథారంభమున అమాయకులకు అలవడవలసిన సుగుణము ‘సబ్టిల్టీ’. ఆదికాండమున యాకోబు అన్న వేషమున వచ్చి, చూపు మందగించిన తండ్రి దీవెనను అపహరించెను. తండ్రి ఆ చేతకు పెట్టిన పేరును ‘సబ్టిల్టీ’యే. హీబ్రూ మూలమున ఇవి వేర్వేరు మాటలు: మొదటిది వివేకము, రెండవది వంచన. విశేషమేమనగా, ఏదెను తోటలోని సర్పమునకు వాడిన విశేషణము వంచనకు గాక ఆ వివేకమునకే సగోత్రము.

నేటి ఆంగ్లరూపమున వంచన అను అర్థము చాలవరకు సన్నగిల్లినది. మన ‘సూక్ష్మత’లో అది మొదటినుండియు లేదు. ఆలంకారికుల సూక్ష్మాలంకారము ఇంగితముచే భావమును తెలుపు నేర్పే గదా! ఆ మాటను ఇస్సాకు నోట నుంచినచో నింద ప్రశంస యగును. మోసపోయిన తండ్రి కొడుకు తెలివిని మెచ్చినట్లుండును. అంతట ‘కపటము’ అన్నచో సామెతల కర్త బాలురకు మోసము నేర్పువాడగును.

పాత ఆంగ్లపదమునకు మిక్కిలి చేరువ ‘యుక్తి’. శాస్త్రమున అది హేతువు. లోకమున ఉపాయము, ఒక్కొక్కప్పుడు పన్నాగము. తెలుగు బైబిలు సర్పమును యుక్తిగలదానిగా చెప్పుట మెచ్చదగినది. మూలములోని సందిగ్ధత అందు చెడలేదు. వాడుకలోని ‘గడుసుదనము’ను ఇట్టిదే: తల్లి అన్నచో మురిపెము, పొరుగువారన్నచో ఆక్షేపణ.

కావున ఈ పాతమాట ఎదురైనపుడు దాని అర్థమేమని మాత్రమే విచారించిన చాలదు. ఎవరు, ఎవరిని గూర్చి, ఏమి కోల్పోయి పలికిరో విచారింపవలెను. యాకోబు దోషియో, చతురుడో తెలుగు పాఠకునకు తెలియునది అనువాదకుడు ఎంచుకొన్న ఆ ఒక్క పదమువలననే.